పాత మేడలో వాటా

మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు నుంచి బెజవాడలో ఇల్లు చూసుకోవడానికి వచ్చేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. పిల్లల కాలేజీ కావచ్చు, పెద్దవాళ్ల ఆస్పత్రి కావచ్చు, వ్యాపారం కావచ్చు. ఒకప్పుడు వాళ్లు స్థలం కొని ఇల్లు కట్టుకునేవారు. ఇవాళ గవర్నర్‌పేటలోనో సత్యనారాయణపురంలోనో ఇంటికి సరిపడా స్థలం కొనాలంటే ఉన్న మామిడితోట అమ్మినా చాలదు. అందుకే ఫ్లాటు. అక్కడ మళ్లీ రెండు దారులు. గొల్లపూడి, కానూరు, పోరంకి వైపు కొత్తగా లేచిన అపార్టుమెంటు ఒకటి. ఊరి నడిబొడ్డున, గుడికీ బజారుకీ నడిచి వెళ్లగలిగే చోట, పాత భవనంలో అమ్మకానికి వచ్చిన ఫ్లాటు ఇంకొకటి. ఈ రెండోదాని సంగతి ఎవరూ మొత్తంగా చెప్పరు. లాయరు కాగితాల వరకు చెబుతాడు, ఇంజినీరు స్లాబు వరకు, బ్రోకరు ధర వరకు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూడాలన్నదే ఈ ప్రయత్నం.

బొంబాయిలోనో న్యూయార్కులోనో చారిత్రక భవనంలో ఫ్లాటు అంటే వందేళ్ల కట్టడాన్ని అలాగే ఉంచి, లోపల గదులు విడదీసి అమ్మినది. బొంబాయి మెరైన్ డ్రైవ్ వెంట ఉన్న ఆర్ట్ డెకో మేడలు మొదటి నుంచీ ఫ్లాట్లుగానే కట్టినవి. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బెజవాడకు అలాంటి వీధి లేదు. ఇక్కడి చరిత్ర వేరు. 1855 నాటి ఆనకట్ట, 1890లలో కృష్ణ మీద పడ్డ రైలు వంతెన, 1888లో ఏర్పడ్డ మునిసిపాలిటీ కలిసి ఒక చిన్న రేవు ఊరిని వర్తక పట్టణం చేశాయి. ఆ డబ్బుతో వన్‌టౌన్‌లో కింద కొట్టు, పైన కాపురం ఉండే మేడలు లేచాయి. చుట్టుపక్కల జమీందార్లకు, షావుకార్లకు, వకీళ్లకు ఊళ్లో ఇళ్లుండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీందారీలు పోయాయి. మైలవరం లాంటి చోట్ల దివాణాల వెలుగు తగ్గింది. పట్నంలో మేడలు మాత్రం వారసుల మధ్య పంపకాల్లో పడి, ముక్కలై, కొన్ని నిలిచాయి, ఎక్కువ కూలాయి.

కనుక మన దగ్గర పాత భవనంలో ఫ్లాటు అంటే నిజానికి మూడు వేర్వేరు సరుకులు. స్వాతంత్ర్యానికి ముందో, ఆ తర్వాత పదేళ్లకో కట్టిన మేడలో అన్నదమ్ములు పంచుకున్న అంతస్తో, రెండు గదుల వాటానో ఒక రకం. 1980లు, 90లలో వచ్చిన తొలితరం అపార్టుమెంట్లలో ఫ్లాటు మరో రకం. మార్కెట్లో దొరికేవాటిలో అధిక భాగం ఇవే. పాత ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చి, దాని జాగాలో కట్టిన కొత్త ఫ్లాటు మూడోది. ఇందులో పాతదంటూ మిగిలేది ఆ వీధి పేరే. అయినా దాని చిక్కులన్నీ పాత ఇంటి నుంచే వస్తాయి కాబట్టి దాన్నీ ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి.

ఏ రకం కొన్నా ముందు తేలాల్సింది ఒకటే: మనం డబ్బిచ్చి కొంటున్నది ఏమిటి? గోడలు, నేల, కిటికీలు అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు యజమానికి తన ఫ్లాటుతో పాటు, స్థలంలోనూ మెట్లు, లిఫ్టు, డాబా లాంటి ఉమ్మడి భాగాల్లోనూ విడదీయని వాటా ఉంటుంది. ఫ్లాటు అమ్మితే ఆ వాటా వెంట వెళుతుంది, ఒకటి ఉంచుకొని ఒకటి అమ్మడం కుదరదు. మన వాళ్లు దీన్నే "ఎన్ని గజాలు పడుతుంది?" అని అడుగుతారు. పాత ఫ్లాటు విషయంలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. 600 గజాల స్థలంలో కింద పార్కింగు, పైన మూడంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లనుకుందాం. పన్నెండు ఫ్లాట్లకు తలా 50 గజాలు వస్తుంది. అదే స్థలంలో ఇవాళ ఐదంతస్తులు లేపితే ఇరవై ఫ్లాట్లు, తలా 30 గజాలు. స్లాబుకు వయసు పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది. ఊరి మధ్య గజం ధర పెరుగుతూ పోతుంది. పాత ఫ్లాటు కొన్నవాడికి చివరికి మిగిలే ఆస్తి ఆ 50 గజాలే.

అందుకే పాత దస్తావేజులో ఆ గజాలు ఎలా రాశారో చూడాలి. కొన్నిటిలో స్థలమంతా ఏ షెడ్యూలుగా, అందులో మన వాటా బీ షెడ్యూలుగా, ఫ్లాటు కొలతలు సీ షెడ్యూలుగా శుభ్రంగా ఉంటాయి. కొన్నిటిలో "తగు వాటా" అని రాసి వదిలేశారు. ఇంకొన్నిటిలో బిల్డరు పైన పెంటుహౌసు తనకు ఉంచుకొని, దానికి గజాలు కేటాయించకుండానే తర్వాత ఎవరికో అమ్మాడు. పన్నెండు దస్తావేజుల్లోని గజాలు కూడితే స్థలం మొత్తం రావాలి. ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా రేపు భవనం పడగొట్టే నాడు గొడవ ఖాయం. ఈ కూడిక ఒక పూట పని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ స్థలం మీద ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ప్రతి ఫ్లాటు అమ్మకమూ వరసగా కనబడుతుంది. కొనేవాడి తరఫున ఎవరూ ఆ పూట వెచ్చించకపోవడమే విచిత్రం.

పాత మేడ వాటాకు, అంటే మొదటి రకానికి, కాగితాల కథ ఇంకా లోతుగా ఉంటుంది. వన్‌టౌన్ దస్తావేజుల్లో హద్దులు చదివితే ఆ ఇరుకు తెలుస్తుంది: తూర్పున ఫలానా వారి ఉమ్మడి గోడ, పడమర ఫలానా వారి పెరటి దోవ, ఉత్తరాన మురుగు కాలవ, దక్షిణాన బజారు. ఉమ్మడి గోడ మీద దూలం ఆనించే హక్కు ఎవరికుంది, పై అంతస్తుకు వెళ్లే మెట్లు ఎవరి వాటాలో పడ్డాయి, వాన నీరు ఎవరి వైపు దిగాలి అన్నది పంపకాల దస్తావేజులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నోటి మాట మీద నడిచిన దారిని కొత్తగా కొన్నవాడికి ఎవరూ గౌరవించరు.

అంతకంటే పెద్ద లోపం ఆడపిల్లల సంతకాలు లేకపోవడం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది అందలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా కూతురి హక్కు నిలుస్తుందని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగి రిజిస్టరైన పంపకాలను మాత్రం కదిలించలేదు. పాత ఇంటి వాటా అమ్ముతున్న అన్నదమ్ములు "మా అక్కచెల్లెళ్లకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం" అంటే ఆ మాటకు చట్టంలో విలువ లేదు. రిజిస్టరైన పంపకపు దస్తావేజు గానీ, హక్కు విడుదల పత్రం గానీ చూపించాలి. అమెరికాలో ఉన్న అక్క సంతకం తెప్పించడానికి నెలలు పట్టినా సరే, అది లేకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. ఆమెది దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన సంతకం కాదు, ఆమె ఆస్తి.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్నవి ఇంకో తలనొప్పి. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన యాజమాన్యం మారదని తేల్చింది. మూడో రకం ఫ్లాట్లలో స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో కలిసిన జీపీఏ ఉంటుంది. అది సక్రమమైనదే. బిల్డరు వాటాలో పడ్డ ఫ్లాటునే బిల్డరు అమ్ముతున్నాడా అన్నది మాత్రం చూసుకోవాలి. ఇక రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద నిషేధిత జాబితా ఒకటుంది. గుళ్లూ మసీదులూ సత్రాలూ కిక్కిరిసిన పాతబస్తీలో దేవాదాయ, వక్ఫ్ స్థలాల మీద తరాలుగా కట్టుకొని ఉన్న ఇళ్లున్నాయి. ఇల్లు వంద ఏళ్లుగా అదే కుటుంబానిదైనా కింద నేల వేరొకరిదయ్యే అవకాశం ఉంది. ఈ జాబితా చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

పాత మేడలో అద్దెకున్నవాళ్లు ఉంటే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడ ఇంకా కనబడుతుంది. ఎప్పుడో కుదిరిన కొద్దిపాటి అద్దెకు కొట్టు నడుపుకుంటున్న మనిషిని ఖాళీ చేయించి ఇస్తామని అమ్మేవాళ్లు చెప్పే మాటను నమ్మి కొనడం అంటే కోర్టు వాయిదాలను కొనడం. ఖాళీ చేయించాకే రిజిస్ట్రేషను అని రాసుకోవాలి.

ఇక కట్టడం. ఇక్కడ మొదటి రకానికీ రెండో రకానికీ పోలికే లేదు.

పాత మేడల గోడలు సున్నపు గారతో పేర్చిన ఇటుక గోడలు. పైకప్పు చాలా చోట్ల మద్రాసు టెర్రాసు: టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న వాసాలు, ఆపైన పలుచని చిన్న ఇటుకలను నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టిన పొర. కింద నుంచి తల ఎత్తి చూస్తే ఆ ఇటుక వరసలు కనబడతాయి. ఈ కప్పు గట్టిదే. దాని ప్రాణం మాత్రం దూలం చివర, గోడలోకి దూరిన జానెడు మేర ఉంటుంది. వాన నీరు గోడలోకి దిగితే ముందు కుళ్లేది అక్కడే, చెద పట్టేదీ అక్కడే. గది మధ్యలో దూలం నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయి, గోడ దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడకపోతే చూడనట్టే. రెండో శత్రువు మనమే తెచ్చిపెట్టుకున్నది: సిమెంటు పూత. సున్నపు గోడ పీల్చుకున్న చెమ్మను మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూసి, ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మ లోపలే చిక్కుకొని, ఉప్పు తేలి, పూత ఉబ్బి రాలుతుంది. బాగుచేశామని చెప్పి అమ్ముతున్న పాత మేడలో గోడకు కొత్త సిమెంటు పూత కనబడితే సంతోషించకూడదు, అనుమానించాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు కొద్దిమందే మిగిలారు. వాళ్లు దొరికితే ఆ ఇల్లు మరో తరం నిలుస్తుంది.

1980లు, 90ల నాటి అపార్టుమెంట్ల సమస్య ఇనుము. కొత్త కాంక్రీటులో ఉండే క్షార గుణం లోపలి ఊచలకు కవచంలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చొచ్చుకుపోయి ఆ గుణాన్ని చంపుతుంది. ఊచ మీద కవరింగు ముప్పావు అంగుళం ఉండాల్సిన చోట మేస్త్రీ అశ్రద్ధ వల్ల పావంగుళమే ఉంటే ఆ గడువు ముందే వస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు కోరుతుంది. అప్పుడు కాంక్రీటు చీలి, పెచ్చులు ఊడుతుంది. బాత్రూము కింద స్లాబు, బాల్కనీ అంచు, నీళ్ల ట్యాంకు కింది దూలం మొదట లొంగేవి. ఆ రోజుల్లో 1978 నాటి కాంక్రీటు కోడు ఐఎస్ 456 ప్రకారం ఎం15 కాంక్రీటు వాడటం మామూలు. 2000 సవరణ తర్వాతే ఆర్‌సీసీకి ఎం20 కనీసమైంది. భూకంపాన్ని తట్టుకునేలా ఊచలు కట్టే పద్ధతికి విడిగా కోడు, ఐఎస్ 13920, వచ్చిందే 1993లో. 2002లో సవరించిన పటం విజయవాడను మూడో భూకంప మండలంలో చూపింది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగే ఉంది. మన ఊళ్లో అపార్టుమెంటు అంటేనే కింద పార్కింగు.

పరీక్ష ఖరీదైనదేమీ కాదు. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరు ముందు చిన్న సుత్తితో స్లాబును, పిల్లరును తడుతూ వెళతాడు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆపైన రీబౌండ్ హామరు, అల్ట్రాసోనిక్ పరీక్ష, అవసరమైతే చిన్న కోరు తీసి ల్యాబుకు పంపడం. అసలు చూడాల్సిన చోటు మన ఫ్లాటు కాదు. అమ్మేవాడు పుట్టీ, రంగు, ఫాల్స్ సీలింగు పెట్టి ఫ్లాటును అద్దంలా చేసి ఉంచుతాడు. పార్కింగులో పిల్లర్ల పాదాలు చూడాలి, డాబా ఎక్కి చూడాలి. ప్లానులో లేని అంతస్తు పైన వేశారా? సెల్ టవరు పెట్టారా? నీళ్లు చాలక రెండో ట్యాంకు కట్టారా? వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో లెక్కగట్టిన పిల్లరు మీద ఆ బరువు పడుతోంది.

ప్లానుకు విరుద్ధంగా కట్టినవి మన దగ్గర తక్కువేమీ కాదు. అందుకే 2007 డిసెంబరు చివర బీపీఎస్ వచ్చింది. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టిన అక్రమ కట్టడాలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే పథకం అది. పాత అపార్టుమెంటులో ఫ్లాటు కొనేవాళ్లు బీపీఎస్ ప్రొసీడింగ్స్ అడగాలి. దరఖాస్తు పెట్టిన రసీదు చూపిస్తే సరిపోదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి: బీపీఎస్ కాగితం మునిసిపాలిటీతో తగాదాను మాత్రమే తీరుస్తుంది. దాని వల్ల పిల్లరుకు బలం రాదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) మనల్ని కాపాడదా అని అడుగుతారు. 2016 చట్టం మంచి చట్టం. పది శాతానికి మించి అగ్రిమెంటు లేకుండా తీసుకోకూడదని, కట్టడంలో లోపం ఐదేళ్లలో బయటపడితే బిల్డరే బాగుచేయాలని చెప్పింది. కానీ ఎప్పుడో పూర్తయిన పాత అపార్టుమెంట్లు దాని పరిధిలో లేవు. పాత భవనాన్ని బాగుచేసి కొత్తగా ఫ్లాట్లు అమ్మితే మాత్రం వర్తించవచ్చు. అమ్మకం, ప్రకటన లేని మరమ్మతులకే ఆ చట్టం మినహాయింపునిచ్చింది. అసలు సందు ఇంకోచోట ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. పాతబస్తీలో పాత ఇల్లు పడగొట్టి కట్టే చిన్న చిన్న అపార్టుమెంట్లు సరిగ్గా ఈ కొలత కిందే ఉంటాయి. రెరా నంబరు లేదంటే మోసమని కాదు. అక్కడ మన కాపలా మనమే అని.

ఇక చరిత్ర సంగతి. భవనం పాతదైనంత మాత్రాన చట్టం దాన్ని కాపాడదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఏఐసీసీ సమావేశం జరిగి, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన విక్టోరియా జూబ్లీ మ్యూజియం 1887లో పునాది పడ్డ కట్టడం. ప్రభుత్వానిది కనుక, బాపు మ్యూజియంగా నిలిచింది. దాని సమకాలీన ఇళ్లకు అలాంటి అండ లేదు. హైదరాబాదుకు 1995లో హెరిటేజ్ నిబంధన వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తొలగించింది, 2017లో వేరే చట్టం తెచ్చింది. 2019లో ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభ కడతామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఒక మహానగరంలో, ఒక ప్యాలెస్‌కే ఇంత పోరాటం పట్టింది. సత్యనారాయణపురంలో మండువా ఇంటి కోసం ఎవరు కోర్టుకెళతారు?

బెజవాడలో చారిత్రక చట్టం ఫ్లాటు కొనేవాళ్లకు నేరుగా తగిలేది ఒక్కచోట: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ. ఇంద్రకీలాద్రి పాదాన అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు అలాంటివి. పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం వాటి రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. నిషేధిత మేరలో 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇంటికి మరమ్మతు అనుమతి అడగవచ్చు. పడగొట్టి కొత్తది కట్టే అనుమతి రాదు. మొగల్రాజపురంలో గుహకు ఆనుకున్న పాత అపార్టుమెంటులో "రేపు రీడెవలప్‌మెంటుకు వెళితే కొత్త ఫ్లాటు వస్తుంది" అని బ్రోకరు చెబితే ముందు ఆ దూరం కొలవాలి. అక్కడ 50 గజాల లెక్కే తారుమారవుతుంది.

పాత ఇళ్లు నిలవాలంటే వాటిని నిలిపినవాడికి లాభం కనబడాలి. అహ్మదాబాద్ ఆ పని మొదలుపెట్టింది. వారసత్వ జాబితాలోని ఇంటిని బాగుచేసి ఉంచినవాళ్లు, తాము కట్టుకోకుండా వదిలిన అంతస్తుల హక్కును టీడీఆర్‌గా వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకోవచ్చు. మన రాష్ట్ర భవన నిబంధనల్లోనూ హెరిటేజ్ కట్టడాలకు టీడీఆర్ మాట ఉంది. రోడ్ల వెడల్పులో స్థలం పోయినవారికి టీడీఆర్ బాండ్లు ఇవ్వడం బెజవాడకు కొత్త కాదు. అదే బాండు మండువా ఇంటిని నిలిపినవాడి చేతికి అందేలా నగరపాలక సంస్థ ఒక జాబితా తయారుచేసి, ఏటా కొన్ని ఇళ్లకైనా ఇస్తే, మనవలు బిల్డరు దగ్గరికి పరుగెత్తే ముందు ఒక్కసారి ఆగుతారు. ఇది చేయదగ్గ పని. ఖర్చూ పెద్దగా లేని పని.

వరద సంగతి క్లుప్తంగా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, దాని చుట్టూ ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్లలో మునిగాయి. ఆ వాగు పుట్టేది మైలవరం వైపు కొండల్లోనే. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వెళ్లాయి. ఆ తర్వాత కొండ పక్కన కాస్త ఎత్తులో ఉన్న పాతబస్తీ మీద కొనేవాళ్లకు కొత్త గౌరవం ఏర్పడింది. గౌరవం సరే, వన్‌టౌన్ కొండవాలు ఇళ్లకు రాళ్లు దొర్లే భయం వేరేగా ఉంది. లోతట్టున ఉన్న పాత అపార్టుమెంటులో లిఫ్టు గుంత, సంపు, కరెంటు మీటర్ల బోర్డు ఏ ఎత్తున ఉన్నాయో చూడటం ఇప్పుడు తప్పనిసరి.

డబ్బు లెక్కలు ఎక్కువ చెప్పనవసరం లేదు. రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. పాత ఫ్లాటు చేతులు మారినప్పుడు జీఎస్టీ లేదు. నిర్మాణంలో ఉన్నదానికి మామూలుగా 5 శాతం పడుతుంది. బ్యాంకు వాల్యూయరు భవనానికి ఇంకెన్నేళ్లు ఆయుష్షుందో రాస్తాడు, రుణం ఆ ఏళ్లలోపే తీరాలంటారు. ముప్పై ఏళ్ల ఫ్లాటుకు ఇరవై ఏళ్ల వాయిదాలు దొరకకపోవచ్చు. నెలవారీ కంతు పెరుగుతుంది. "తక్కువ ధర" అన్నమాటను ఈ లెక్క వేశాకే నమ్మాలి.

ఇన్ని చూసినా, పాత ఫ్లాటు మంచిదో చెడ్డదో తేల్చేది మాత్రం వీటిలో ఏదీ కాదు. పక్కవాళ్లు తేలుస్తారు. 2021 జూన్ 24న అమెరికాలో మయామీ దగ్గర సర్ఫ్‌సైడ్‌లో 1981 నాటి ఫ్లాట్ల భవనం అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చాడు, కాంక్రీటు పెద్ద ఎత్తున దెబ్బతిన్నదని. మరమ్మతు ఖర్చు చివరికి కోటిన్నర డాలర్లకు చేరింది. ఎవరెంత ఇవ్వాలన్న వాదనలతో మూడేళ్లు గడిచాయి. బొంబాయిలో 2017 ఆగస్టు 31న కూలి 33 మందిని బలిగొన్న హుస్సైనీ భవనం వందేళ్లు దాటినది. దాన్ని ఖాళీ చేయించే ప్రయత్నాలు ఏళ్ల తరబడి నడిచినా అందరూ కదలలేదు. రెండు చోట్లా ప్రమాదం ముందే తెలుసు. కలిసి నిర్ణయం తీసుకోవడమే చేతకాలేదు.

మన అపార్టుమెంట్లలోనూ అదే జరుగుతోంది. నెలకు వెయ్యి రూపాయల మెయింటెనెన్సులో వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు, లిఫ్టు సర్వీసు పోను మిగిలేది లేదు. కార్పస్ ఫండ్ అన్న మాట పాత అపార్టుమెంట్లలో చాలావాటికి తెలియదు. డాబా కారుతుంటే పై అంతస్తువాళ్ల బాధ, సంపు పగిలితే కింది అంతస్తువాళ్ల బాధ. సగం ఫ్లాట్ల యజమానులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అద్దెకున్నవాళ్లకు స్లాబు సంగతి పట్టదు, యజమానికి అద్దె అకౌంటులో పడితే చాలు. రీడెవలప్‌మెంటు మాట వచ్చినప్పుడు పన్నెండు సంతకాల్లో పదకొండు వచ్చి, ఒక్కటి దగ్గర ఆగిపోయిన భవనాలు ఉన్నాయి. ఆ ఒక్కరు ఎక్కువ కోరుకుంటున్నారని మిగతావాళ్లంటారు. తమకు మిగిలిందే ఈ ఇల్లు, రెండేళ్లు బయట అద్దెకు ఎక్కడుండాలని ఆ ఒక్కరంటారు. రెండూ నిజాలే. చట్టం కోరిన అసోసియేషన్ కాగితం మీద ఉన్నంత మాత్రాన ఈ రెండు నిజాలకూ దారి దొరకదు.

కనుక కొనేముందు అసోసియేషన్ సెక్రటరీని కలవండి. మినిట్స్ పుస్తకం అడగండి. బ్యాంకు పాసుబుక్కులో ఎంతుందో, ఎన్ని ఫ్లాట్లు బాకీ ఉన్నాయో, చివరిసారి డాబాకు వాటర్‌ప్రూఫింగు ఎప్పుడు చేయించారో, ఆ ఖర్చు అందరూ ఇచ్చారో లేదో అడగండి. ఎదురింటి అత్తగారితో, పై అంతస్తు మాస్టారితో పది నిమిషాలు మాట్లాడండి. పెచ్చులూడిన స్లాబుకు పాలిమర్ మోర్టారుతో ప్యాచులు వేయవచ్చు, తుప్పు పట్టిన పిల్లరుకు చుట్టూ కొత్త ఊచలు కట్టి జాకెటింగు చేయవచ్చు. పన్నెండు మంది తలా లక్షో రెండు లక్షలో వేసుకుంటే ఆ భవనం మరో ఇరవై ఏళ్లు నిలబడుతుంది. ఒకసారి అలా వేసుకున్న భవనమేదో మినిట్స్ పుస్తకంలో తెలిసిపోతుంది. అలాంటి చోట స్లాబు నలభై ఏళ్లదైనా బేరం మొదలుపెట్టవచ్చు. ఆ పుస్తకమే లేదన్న చోట, గజాలు ఎన్ని పడినా, ఇంకో భవనం చూసుకోవడం మంచిది.